కుడి రెక్క కింద ముడి

“ఇంకాస్త కిందికి చూడక్కా. అక్కడే ఉంటుంది.”

మర్దన చేసే ఆవిడ బొటనవేలిని కుడి భుజం రెక్క అంచు వెంట కిందికి జరిపింది. ఆర్నెల్లుగా ప్రతి గురువారం ఆ వేలు వెతుక్కోకుండానే ఒకచోట ఆగేది. రెక్కకీ వెన్నుకీ మధ్య, గోళీకాయంత ముడి. నొక్కితే నొప్పి చెవి వెనక దాకా పాకేది. ఇవాళ వేలు ఎక్కడా ఆగలేదు.

“లేదు,” అంది.

“ఉంటుంది. మోచేత్తో నొక్కి చూడు.”

“నా వేలికి దొరకనిది మోచేతికి దొరుకుతుందా? ఇరవై రెండేళ్లుగా ఇదే పని అమ్మాయ్.”

అయినా ఇంకాస్త నూనె రాసి, మోచెయ్యి ఆనించి, ఒంటి బరువంతా దాని మీద వేసింది. కండ అడ్డు చెప్పకుండా లోపలికి దిగింది. మామూలుగా ఈపాటికి బల్ల మీద పడుకున్న ఆమె తువ్వాలు కొరుకుతూ ఉండాలి.

ఆ ముడికి కారణం ఆమె భర్త. పక్షవాతంతో మంచం పట్టి రెండేళ్లు. ఎనభై రెండు కిలోల మనిషి. ఒళ్లు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పేది ఆమె ఒక్కతే. గురువారం ఇక్కడ విప్పిన ముడి శనివారానికల్లా మళ్లీ బిగుసుకునేది. నెల కిందట మరిది తేల్చి చెప్పేశాడు, భుజం బాగుపడకపోతే అన్నయ్యను సంరక్షణ కేంద్రంలో చేర్పిస్తానని. ఆ వారం ఆమె ఈ బల్ల మీద బోర్లా పడుకునే ఏడ్చింది.

“ఎలాగైనా దీన్ని వదిలించక్కా. అక్కడ ఆయన్ని ఎవరు తిప్పుతారు?”

అప్పుడే మర్దన ఆవిడ దుప్పటి పద్ధతి నేర్పింది. మనిషి కింద దుప్పటి పరచాలి. ఇద్దరు ముగ్గురు అంచులు చుట్టి పట్టుకుని, ఒక్కసారే లేపాలి. ఒంటరిగా మాత్రం ఎత్తకూడదు.

“ఈసారైనా నేను చెప్పినట్టు దుప్పటితో ఎత్తారా మరి?” అని అడిగింది మర్దన ఆవిడ.

“ఎత్తాం. మరిది తలవైపు, నేను నడుం దగ్గర, పక్కింటి మాష్టారు కాళ్లవైపు.”

“మీ మరిదే! మంచినీళ్ల గ్లాసు కూడా అందివ్వడన్నావు?”

“తనే ముందుకొచ్చాడు.”

“చూశావా! ఊరికే ఆడిపోసుకున్నావు పాపం. బరువు తెలిసిందా?”

“తెలీలేదు,” అంది ఆమె, బల్లకున్న గుంటలో ముఖం దూర్చి. “అసలేం తెలీలేదు.”

మర్దన ఆవిడ నవ్వి, చేతులు తుడుచుకుని కార్డు తీసింది. వచ్చే ప్రతి మనిషికీ ఆవిడ దగ్గర వీపు బొమ్మ వేసిన కార్డు ఒకటి ఉంటుంది. ముడి దొరికినచోట ఎర్ర పెన్నుతో చుక్క పెడుతుంది. ఈ కార్డు మీద ఇరవై నాలుగు చుక్కలు ఒకేచోట పడి అట్ట చిల్లు పడేలా ఉంది. ఇవాళ పెన్ను మూత తీయలేదు. కార్డును అలాగే పెట్టెలో పెట్టేసింది.

“పోయిన వారం నువ్వు రాకపోతే భయపడ్డాను తెలుసా? వెళ్లగానే మీ మరిదితో చెప్పు, భుజం బాగుపడిందని. ఇక ఆయన్ని ఎక్కడికీ పంపక్కర్లేదు.”

ఆమె లేవలేదు. “ఇంకొక్కసారి వెతుకక్కా.”

“పిచ్చిదానా! ముడి విడిపోతే ఏడుస్తారా ఎవరైనా?”

“ఆర్నెల్లు వదలనిది ఇంత తొందరగా ఎలా పోతుంది?”

“నా చేతి చలవ అనుకో. నువ్వు మాట వినడమూ కొంత. ఇక రోజూ అలాగే, ముగ్గురూ కలిసే ఎత్తండి.”

ఆమె లేచి కూర్చుని తువ్వాలు భుజాల చుట్టూ కప్పుకుంది.

“ఆయన పోయి పన్నెండు రోజులక్కా.”