గింజ మిగల్చని గొట్టం

"నీ పాత కోత మిషనులో ధాన్యం దించే గొట్టం ఎప్పుడూ ఓ బస్తా దాచుకుంటుంది బామ్మర్దీ. నాది గింజ మిగల్చదు, చూస్తావా?" అంటూ బావ టార్చి పట్టుకుని తన కొత్త మిషను ట్యాంకులోకి దిగాడు. రెండు మిషన్ల తాళాలూ డ్రైవరు జేబులోనే ఉన్నాయి.

డ్రైవరు పానాతో పాత గొట్టాన్ని కొడితే మొద్దుగా పలికింది. కొత్తది ఖాళీ బిందెలా ఖంగుమంది.

"నువ్వే గెలిచావు బావా, ఇక పైకి రా," అన్నాడు బామ్మర్ది.

బావ పైకి రాలేదు. ట్యాంకులో టార్చి వెలుగు ఆరిపోయింది. డ్రైవరు మళ్ళీ కొట్టాడు. ఇంజను ఆగే ఉంది, కానీ ఈసారి కొత్త గొట్టమూ నిండు బస్తాలా మొద్దుగా పలికింది.

జానెడు గొట్టం, లోపలంతా ధాన్యాన్ని తోసే ఇనుప మర. పిల్లి కూడా పట్టదు. దాని మూతిలోంచి బావ గొంతు మెల్లగా వినిపించింది.

"చెప్పానా, ఏమీ మిగల్చదని?"