తండ్రి పేరు సహా

ఒకరు ఎత్తుకొచ్చిన వస్తువును ఇంకొకరు ఎత్తుకుంటే, ఆ రెండోది కూడా దొంగతనమేనా? ఆరేళ్లుగా ప్రవీణ్‌కుమార్‌ను ఈ సందేహం వదలడం లేదు. శనివారం ఆంజనేయస్వామికి దీపం పెట్టినప్పుడల్లా అది గుర్తొస్తుంది. ఒకసారి పూజారిని అడిగాడు కూడా.

"ఇంతకీ ఎత్తుకొచ్చిందేంది?" అన్నాడు పూజారి.

"బొమ్మలండి."

"ఎవరింటివి?"

"జపాన్ వాళ్లవి."

పూజారి అతని చేతిలో తీర్థం పోసి, వెనకున్న భక్తుడి వైపు తిరిగాడు.

మొదట ఎత్తుకొచ్చింది నయన. సిరుగుప్పలో కంప్యూటర్ సెంటర్ నడుపుతుంది. పొలాల పహణీలు, రేషన్ కార్డులు, అర్జీలు అన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. తీరిక దొరికినప్పుడు, ఇప్పుడెవరూ ఆడని ఒక పాత జపాన్ వీడియో గేమ్‌లోంచి మనుషులను, చెట్లను, పిట్టలను చుక్క చుక్కగా విడదీసింది. ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఆటంటే ప్రాణం పెట్టేవాళ్లు సొంతంగా ఆటలు తయారుచేసుకోవడానికి వాటిని నెట్‌లో ఉచితంగా పెట్టింది. షరతు ఒక్కటే. బొమ్మలు తీసిన మనిషి పేరు వెయ్యాలి.

ప్రవీణ్ ఆ బొమ్మలతోనే తన ఆట చేశాడు. కాలువ గట్టు మీద, వరి మళ్ల మధ్య హీరో పరుగెత్తుతాడు. రెండు లక్షల మంది ఆడారు. ఆట చివర మాత్రం "బొమ్మలు: ప్రవీణ్‌కుమార్" అని వేసుకున్నాడు. నయన మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ "ఈసారి ఆట మార్చేటప్పుడు వేస్తాలే" అన్నాడు.

సోమవారం పొద్దున అతనికి ఇంగ్లీషులో ఒక మెయిల్ వచ్చింది. పైన జపాన్ కంపెనీ పేరు, కింద ఎర్ర ముద్ర. 'మా ఆటలోంచి బొమ్మలు తీసిన వ్యక్తి మీద కేసు వేస్తున్నాం. వాటిని వాడుకున్న వారితో మాకు పేచీ లేదు. తీసిన వ్యక్తి పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా వారం లోపల మీ ఆటలో ప్రకటించాలి. లేకుంటే మీరే తీసినట్టు భావిస్తాం.'

ప్రవీణ్ లేచి తలుపు గడియ పెట్టాడు. పై నెలలో బిందుశ్రీతో నిశ్చితార్థం. ఇప్పుడు కోర్టు కేసా! మెయిల్‌ను మళ్లీ చదివాడు. 'వాడుకున్న వారితో పేచీ లేదు' అన్న చోట ప్రాణం కొంచెం కుదుటపడింది. అరకిలో కోవా కట్టించుకుని నయన దగ్గరికి బయల్దేరాడు.

"నయనా, బొమ్మల కింద నీ పేరు వేద్దామనుకుంటున్నా."

నయన కీబోర్డు మీంచి చెయ్యి తియ్యలేదు. "ఏందన్నా, ఒంట్లో బాగుండాదా?"

"నిజంగానే. ఆంజనేయస్వామి కళ్లు తెరిపించాడు."

"ఆరేండ్లు పట్టిందా సామికి?"

"ఆలస్యమైందిలే. మీ నాన్నగారి పేరు కూడా చెప్పు. ఊరు, తాలూకా..."

"అవన్నీ ఎందుకన్నా? బరీ నా పేరొకటుంటే సాలు."

"కుదరదు! నయన అంటే ఎంతమంది లేరు? రేపు ఇంకెవరో వచ్చి నేనే తీశానంటే? నీ కష్టం నీకే దక్కాలమ్మా."

"సరే రాసుకో. ఫోన్ నంబరు వద్దా?"

"అదీ ఇవ్వు" అన్నాడు ప్రవీణ్ ఆత్రంగా.

ఆ సాయంత్రమే ఆట మారింది. పేరు చివర్న వేస్తే కంపెనీ వాళ్లు చూడరేమోనని అతను మొదట్లోనే వేశాడు, అదీ తెర నిండా. 'ఇందులోని ప్రతి బొమ్మనూ అసలు ఆటలోంచి చుక్క చుక్కగా తీసింది నయన, తండ్రి హొన్నప్ప, కెంచనగుడ్డ గ్రామం, సిరుగుప్ప తాలూకా, బళ్ళారి జిల్లా. ఈ పనితో ప్రవీణ్‌కుమార్‌కు ఎలాంటి సంబంధమూ లేదు.'

శనివారం గుళ్లో రెండు దీపాలు పెట్టాడు. ఒకటి తను బయటపడ్డందుకు. రెండోది, పాపం, ఆ పిల్లకు శిక్ష తక్కువ పడాలని. ఇవ్వాల్సింది భయపడి ఇచ్చినా ఇచ్చినట్టేనా స్వామీ అని అడగబోయి, మానుకున్నాడు.

అదే వేళకు హొన్నప్ప కూతురి సెంటర్‌లో కూర్చుని ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదువుతున్నాడు. రెండుసార్లు చదివి, పంచె కొంగుతో కళ్లు తుడుచుకున్నాడు.

"నా పేరు కూడా ఏసినాడే! ఆ పిల్లోడు ఎంత మంచోడమ్మా!"

"అవునప్పా, శానా మంచోడు" అంది నయన. ఆయన టీ తాగడానికి అటు వెళ్లగానే, ఆరేళ్ల బాకీ తీరిపోయింది కనుక, తను వారం రోజులు కూర్చుని టైపు చేసిన జపాన్ కంపెనీ నోటీసునూ, దాని కింద చుక్క చుక్కగా గీసిన ఎర్ర ముద్రనూ కంప్యూటర్లోంచి చెరిపేసింది.