ముప్పై మూడు గుండీలు

"ఉంగరం తియ్యరా, ఉంగరం!" అక్క గొంతు తగ్గించి కసిరింది. "మెల్లగా. అమ్మ కిటికీ తెరిచే ఉంది."

అతను పెరట్లో కుళాయి దగ్గర వేలికి సబ్బు రుద్దుకున్నాడు. ఉంగరం కాసేపు మొండికేసి జారింది. అక్క దాన్ని గుప్పిట్లో దాచింది. ప్రతి ఆదివారం జరిగే తంతే. కానీ ఈ రోజు మంగళవారం. తను నడిపే బడిపిల్లల వ్యాను వీధి మలుపులో ఆపి పరుగెత్తుకొచ్చాడు.

"డాక్టరేమన్నాడు?"

"ఇవాళో రేపో అన్నాడు. పొద్దున చర్చి ఫాదర్ వస్తే వెనక్కి పంపేసింది. నా కొడుకే చర్చిలో గురువైతే పరాయివాళ్లకెందుకు చెప్పుకోవాలి నా పాపాలు అంది. ఫోన్లో చెప్పానుగా, పాపసంకీర్తనం నీ దగ్గరే చేస్తుందట."

గోడకు ఫాదర్లు వేసుకునే తెల్ల అంగీ వేలాడుతోంది. అతను చెయ్యి చాపలేదు.

"గురుత్వం వదిలేసి ఎనిమిదేళ్లయిందక్కా. పెళ్లాం, పిల్ల ఉన్నవాణ్ని. ఇది ఆట కాదు."

"మరి ఎనిమిదేళ్లుగా ఆడుతున్నదేంటి, దాగుడుమూతలా? అమ్మకు తెలిసిన రోజున ఈ గడప తొక్కనని ఇదే కుళాయి దగ్గర ఏడ్చింది ఎవరు?"

"అందుకే, ఇవాళ చెప్పేస్తాను."

"చెప్పు. ఆ గుప్పెడు ప్రాణం నీ చేత్తోనే తీసెయ్."

అక్క ఫోన్ రాగానే, వచ్చే దారిలోనే అతను, సెమినరీలో తనకు పాఠాలు చెప్పిన ముసలి ఫాదర్‌కు ఫోన్ చేసి అడిగాడు. "నీ దగ్గర పని తీసేసుకున్నారు గానీ, గురుపట్టం రోజున బిషప్పుగారు నీ నెత్తిన చేతులుంచి ఇచ్చినదాన్ని ఎవరూ తీసుకోలేర్రా" అన్నాడాయన. "చావుబతుకుల్లో ఉన్న మనిషి అడిగితే వినాలి, క్షమాపణ ఇవ్వాలి. విన్నది నీలోనే పూడిపోవాలి. చెప్పిన మనిషి దగ్గర కూడా మళ్లీ ఎత్తకూడదు."

"నాకేం అర్హతుందండీ?"

"అర్హత చూసి ఇచ్చేదైతే నాకూ ఇచ్చేవాళ్లు కాదు."

అంగీ తొడుక్కున్నాడు.

అమ్మ మంచంలో చిన్నపిల్లంత అయిపోయింది. కళ్ల మీద తెల్లటి పొరలు. అడుగుల చప్పుడు వినగానే చేతులు చాపింది. మెడ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క గుండీ తడుముతూ కిందికి వచ్చింది.

"ముప్పై మూడు, ఏసయ్య బతికినన్నేళ్లు. అన్నీ ఉన్నాయి" అంది తృప్తిగా.

"చూసుకునే రాత ఉంటేగా!" గుమ్మంలో అక్క ముక్కు చీదింది. "పొర తీయడం పావుగంట పనన్నాడు కళ్ల డాక్టరు. మూడుసార్లు తీసుకెళ్తే మూడుసార్లూ మెట్ల మీంచే వెనక్కి తిరిగింది, కత్తంటే భయమని. ఊగే పన్ను దారం కట్టి తనే పీక్కున్న మనిషి!"

"నువ్వు తలుపేసుకుని వెళ్లవే" అంది అమ్మ.

తలుపు మూసుకుంది. అమ్మ తలగడ కింద నుంచి మడత పెట్టిన గుడ్డ తీసింది. గురుపట్టం రోజున నూనె పూసిన అతని చేతులకు కట్టిన గుడ్డ. నూనె మరక పసుపు రంగుకు తిరిగింది.

"నన్ను పెట్టెలో పెట్టేప్పుడు ఇది నా చేతులకు చుట్టాలి. ఒక గురువును కన్నానని పైన చూపించుకోవాలి."

"అమ్మా, ముందు నేనొకటి చెప్పాలి."

"వరుసలో ముందు నేనున్నాను, ఫాదర్."

ఆమె ఎప్పుడూ అతన్ని అలా పిలవలేదు. బిషప్పు ముందు కూడా చిన్నోడా అనే పిలిచింది. అతను మంచం పక్కన చతికిలబడి సిలువ గుర్తు వేశాడు.

"పాలవాణ్ని తిట్టాను. ప్రార్థనలో కునుకు తీశాను. కూతురు వండింది బాగున్నా బాగోలేదన్నాను."

"ఇంకా?"

"పెద్దదొకటుంది. ఎనిమిదేళ్లుగా మా అబ్బాయిని మోసం చేస్తున్నాను."

"ఏం మోసమమ్మా?"

"అమ్మ కాదు. ఇప్పుడు నేనెవరో మీకు తెలీదు" అంది. "కత్తంటే భయమని అబద్ధమాడాను."

"మరి ఆపరేషన్ ఎందుకు వద్దన్నారు?"

ఆమె చెయ్యి అతని చేతిని వెతుక్కుంది. ఒక్కొక్క వేలూ తడిమి, సబ్బు ఇంకా ఆరని వేలి దగ్గర ఆగింది. ఉంగరం నొక్కిన గాడిలో ఆమె బొటనవేలు మెత్తగా ఆనింది. అతను లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.

"చూపొస్తే వాడిక రాడని, ఫాదర్."