గురువారం గడి

గురువారం గడి ఖాళీగా ఉంది. ఇవాళ చూస్తే ఇంకా బుధవారమే.

కుట్టిన బట్టలు ఇచ్చేసి అప్పుడే ఇల్లు చేరిన ఆమె, ఫ్రిజ్ మీదున్న ఏడు గడుల మందుల డబ్బాని చేతిలోకి తీసుకుని మళ్ళీ చూసింది. బుధవారం బీపీ మాత్ర పొద్దున్న టిఫిన్ కాగానే భర్త చేత తనే మింగించింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా పోలీసులా ఎదురుగా నిలబడింది కూడా. మరి రేపటి మాత్ర ఏమైనట్టు?

ఈ ఇంట్లో ఇలాంటి ఘనకార్యాలు చేసేది ఒక్కరే. పోయిన నెలలో అత్తగారు, కొడుకు మాత్ర మర్చిపోయాడేమోనని తనే రెండోది వేసేసింది. ఆయన కళ్ళు తిరిగి స్నానాల గది గోడకి గుద్దుకున్నాడు. ఆ సాయంత్రమే ఆమె ఈ గడుల డబ్బా కొనుక్కొచ్చింది.

ముందుగదిలో అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"అత్తయ్యా! రేపటి మాత్ర ఏమైంది?"

"అంతా నా మూలంగానే అమ్మాయ్. వాడినేం అనకు."

"మళ్ళీనా? ఎప్పుడు?"

"మధ్యాహ్నం వాడు డ్యూటీకి బయల్దేరేటప్పుడు. లేవలేకపోతున్నానే, తల తిరుగుతోంది. కాసిని నీళ్ళియ్యి."

మాట పడాల్సి వచ్చినప్పుడల్లా ఆవిడకి తల తిరగడం మామూలే. ఆమె నీళ్ళగ్లాసు మంచం పక్కన ఠపీమని పెట్టి, మందుల షాపావిడకి ఫోన్ చేసింది.

"పొద్దున్నొకటి, మధ్యాహ్నం ఒకటా?" షాపావిడ గొంతు మారిపోయింది. "బీపీ బాగా పడిపోవచ్చమ్మా. లేచి నిలబడితే కూలబడిపోతారు. ఇప్పుడెక్కడున్నారు?"

"పైన."

"మేడమీదా?"

"క్రేన్ మీద."

"ముందు కిందికి దింపండి. పడుకోబెట్టి డాక్టరుకి ఫోన్ చెయ్యండి. మనిషిని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి."

ఆమె స్కూటర్ తాళం లాక్కుని పరుగెత్తింది. వెనకనుంచి అత్తగారు ఏదో అనబోయింది. వినే ఓపిక ఆమెకి లేదు.

కొత్త బిల్డింగ్ కడుతున్న చోటికి పది నిమిషాల దారి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా భర్తకి ఫోన్ చేసింది, ఆయన ఎత్తడని తెలిసి కూడా. క్రేన్ ఎక్కేవాళ్ళ ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టెలో వేసి తాళం వేస్తారు. ఆమె గేటు దాటేటప్పటికి ఆ పెట్టెలోంచి తను చేసిన ఫోనే మోగుతోంది.

కింద నుంచి రేడియోలో ఆయనకి దారి చెప్పే సిగ్నల్‌మన్ తలెత్తి చూస్తున్నాడు. పైన గాల్లో ఒక పొడవాటి ఇనుప దూలం వేలాడుతోంది. దాన్ని అందుకోవడానికి నలుగురు మనుషులు గోడమీద నిలబడి ఉన్నారు.

"అన్నయ్యా, ఆయన్ని దింపండి! బీపీ మాత్ర రెండుసార్లు పడింది."

అతని మొహం పాలిపోయింది. అయినా గొంతు పెంచలేదు. "బరువు గాల్లో ఉందమ్మా. ఇప్పుడు చెబితే చెయ్యి వణుకుతుంది. నలుగురి ప్రాణాలు."

"రేడియో ఇలా ఇవ్వండి. నేను మాట్లాడతా."

"నీ గొంతు వింటే మరీ కంగారు పడతాడు. నోరు మూసుకుని నిలబడు తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

దూలం మెల్లగా తిరిగింది. మధ్యలో ఆగింది. ఆ క్షణంలో అత్తగారు ఎదురుగా ఉంటే ఏమేం మాటలు అనేసేదో ఆమెకే తెలీదు. అంత కోపం తన జన్మలో ఎవరి మీదా రాలేదు. దూలం మళ్ళీ కదిలి, గోడమీద కూర్చుంది. నలుగురూ కొక్కెం విప్పి చేతులూపారు.

"పైలట్, ఒకసారి దిగిరా." సిగ్నల్‌మన్ రేడియోలో తాపీగా అన్నాడు. సైట్‌లో అందరూ ఆయన్ని పైలట్ అనే పిలుస్తారు. "తొందరేం లేదు. ప్రతి మెట్టూ గట్టిగా పట్టుకో."

"ఏంటి బాబాయ్, టీ పోయిస్తావా?"

"పోయిస్తాను. నువ్వు ముందు దిగు."

నూట ఎనభై ఇనుప మెట్లు. సగం దారిలో ఆయన ఆగి తల వంచాడు. ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి, ఆయన చెమట తుడుచుకుని మళ్ళీ దిగుతున్నాడు.

కాలు నేలమీద పెట్టీపెట్టగానే ఆమె రెక్క పట్టుకుని ఇసుక బస్తామీద కూలేసింది. సిగ్నల్‌మన్ మందుల గదిలోంచి బీపీ మిషన్ తెచ్చి చేతికి చుట్టాడు. మిషన్ బుస్సుమని గాలి వదిలింది.

"నూట ముప్ఫై, ఎనభై. నాకంటే నయంగా ఉన్నాడమ్మా!"

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంట్లో తిట్టదలుచుకున్న తిట్లన్నీ ఒక్కసారిగా మర్చిపోయింది.

"కళ్ళు తిరగడం లేదూ?"

"నాకెందుకు తిరుగుతాయి? ఇంతకీ ఏమైంది? ఎందుకొచ్చావ్?"

"ఎందుకా? పొద్దున్న నేను వేశాక అత్తయ్య మీకు రెండో మాత్ర వెయ్యలేదూ?"

ఆయన సిగ్నల్‌మన్ వైపు చూసి, తల గోక్కున్నాడు. "అమ్మ నాకేం వెయ్యలేదు. డబ్బాలోంచి తీసింది నేనే. కోప్పడనంటే చెబుతాను."

"చెప్పండి."

"పొద్దుటినుంచీ తల బరువుగా ఉందంటూ ఒకటే బాధ పడుతోంది. నాకు పనిచేసే మాత్రే కదా అని..."

"అని?"

"అమ్మకి వేశాను."