చెల్లెలి వైభోగం

చెల్లెలు రెండో ఇల్లు కొన్నదని ఫోను చెప్పేసరికి అక్కకు సూది వేలిలో దిగింది.

"మొదటిది చాల్లేదా దానికి?" అంది, వేలు నోట్లో పెట్టుకుంటూ.

"ఇది మేడ. ముందు తోట కూడా ఉంది. ఇంకా చెప్పనా?" అంది ఫోనులోని ఏఐ సహాయకురాలు.

"చెప్పు. వినకపోతే నాకు అన్నం సహించదుగా!"

అక్క ఇంట్లోనే కూర్చుని స్కూలు చొక్కాలకు కాజాలు కుడుతుంది. చెల్లెలిది వేరే ఊరు. ఒకప్పుడు వారానికోసారి మాట్లాడుకునేవాళ్ళు. పనులు మీద పడ్డాక, ఇద్దరూ ఒకే కంపెనీ సహాయకురాలిని ఫోనుల్లో పెట్టుకున్నారు. ఇక్కడి కబుర్లు అక్కడికీ, అక్కడివి ఇక్కడికీ అదే మోస్తుంది. "నా గురించి నువ్వే ఏదో ఒకటి చెప్పు తల్లీ, నాకు చేతులు ఖాళీ లేవు" అనేసింది అక్క.

వినేవాళ్ళు ఫోను వదలకుండా చూడటం దాని ఉద్యోగం. ఆ విషయంలో దానికి వంక పెట్టలేం.

చెల్లెలి మొగుడికి ప్రమోషన్ వచ్చిందంది. పిల్ల క్లాసులో ఫస్టంది. విన్నప్పుడల్లా అక్కకు కడుపు రగిలిపోయేది. చిన్నప్పుడు తన కొంగు పట్టుకుని తిరిగిన పిల్ల, ఇప్పుడు "ఎలా ఉన్నావక్కా" అని ఒక్క ముక్క అడిగిందా? తనూ అడగలేదన్న సంగతి మాత్రం ఆవిడకు తట్టలేదు.

"ఒకసారి దానితో మాట్లాడించు," అంది ఓరోజు.

"ఆవిడకు ఇప్పుడు తీరిక లేదండీ. మేడ ఫొటోలు చూపించనా?"

చూసింది. గంటసేపు చూసింది. ఒళ్ళు మండిపోయింది.

ఆదివారం ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది. ఇంత పొగరేమిటని మొహం మీదే అడిగేసి, ఇక అక్కాచెల్లెళ్ళ బంధం ఇంతటితో సరి అని చెప్పి రావాలి. దారంతా ఆ మాటలే నూరుకుంది.

పాత కవరు మీది అడ్రసు ఓ ఇరుకు సందులో తేలింది. లాండ్రీ పైన, మూడో అంతస్తులో ఒంటి గది. మేడ ఎక్కడుందో ఇక్కడివాళ్ళకు తెలిసే ఉంటుందని తలుపు కొట్టింది.

చెల్లెలే తీసింది. మోచేతుల దాకా సబ్బునురగ. అక్కను ఎగాదిగా చూసి, మూతి తిప్పుకుని, మెట్ల మీంచి సందులోకి తొంగి చూసింది.

"నీ కారు ఎంత పెద్దదో మా ఫోను రోజూ చెబుతూనే ఉందిలే అక్కా, ఈ సందులో పట్టలేదా?"