స్లైస్ సర్వ్ మీద అభ్యంతరం

బంతి మళ్ళీ నెట్‌కి తగిలి ఇవతలే పడింది.

"బంతి ఎగరేసేటప్పుడు టాస్ ఇంకా ఎడమకే పోతోంది సార్," అన్నాడు కోచ్.

ఆడిటరు గారు రాకెట్ వైపు, బంతి వైపు, ఆకాశం వైపు వరసగా చూశారు. ఆ మూడింటిలో ఏదో ఒకటి తనకి సంజాయిషీ ఇచ్చుకోవాలన్నట్టుంది ఆ చూపు. ఏదీ ఇచ్చుకోలేదు.

మొన్నమొన్నటి దాకా ఆయన స్లైస్ సర్వ్ అంటే టెన్నిస్ క్లబ్బులో హడలు. బంతిని నిండుగా బాదకుండా పక్కనుంచి కోసినట్టు తాకేవారు. అది అవతల పడి వంకర తిరిగి, ఎదుటివాడు చెయ్యి చాపేలోగా పక్కకి జారుకునేది. రిటైరయ్యాక కుర్చీ పోయింది, కారు పోయింది, సంతకానికున్న విలువ పోయింది. సర్వ్ ఒక్కటే మిగిలింది పాపం.

అలాంటిది ఓ రోజు పొద్దున్న, ముఖం తుడుచుకుంటూ కోచ్ యథాలాపంగా ఓ మాట అనేసి వెళ్ళిపోయాడు. "మీ టాస్‌లో ఏదో తేడా ఉంది సార్."

ఇంకొకరైతే ఆ మాటని ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేవారు. ఆడిటరు గారు ఉద్యోగమంతా ఊళ్ళోవాళ్ళ లెక్కల మీద అభ్యంతరాలు రాసి, జవాబు వచ్చేదాకా ఎవరినీ నిద్రపోనివ్వని మనిషి. అభ్యంతరమంటూ లేచాక దాన్ని తేల్చకుండా వదలడం ఆయన రక్తంలోనే లేదు. ఆ రోజు నుంచి బంతిని కొట్టడం మానేసి టాస్‌ని తనిఖీ చెయ్యడం మొదలుపెట్టారు. సర్వ్ వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

తర్వాత కోచ్‌కి మణికట్టులో తేడా కనిపించింది. అది సరిచేస్తే పట్టులో కనిపించింది. పట్టు మారిస్తే ఎడమకాలు ముందుకొస్తోందన్నాడు. ఇన్ని తప్పులు పెట్టుకుని ఈ మనిషి ఇన్నేళ్ళు ఎలా గెలిచాడా అని కోచ్‌కి అనుమానం రాలేదు, ఆడిటరు గారికీ రాలేదు. తప్పులు దొరుకుతున్నాయంటే తనిఖీ బాగా జరుగుతోందని ఆయన లెక్క.

ఆ దిగులుతో ఇంటినే మర్చిపోయారు. అంతకుముందు ఎంత శ్రద్ధ! రిటైరైన మర్నాటి నుంచే వంటింట్లో కుర్చీ వేసుకుని నూనె ఎందుకంత పడుతోందని భార్యని నిలదీసేవారు. డబ్బాలన్నీ అక్షరక్రమంలో సర్దించారు. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మిగిలిన గుడ్డ ముక్కల్ని కూడా తూకం వేసి, వృథా ఎంతో తేల్చేవారు. ఇప్పుడు కూరలో ఉప్పు లేకపోయినా మాట్లాడకుండా తిని, కోర్టుకి పోతున్నారు.

ఆవిడ ఓర్పే ఓర్పు. నీళ్ళ సీసా నింపి ఇచ్చేది, తువ్వాలు మడతపెట్టి ఇచ్చేది, తొందరేం లేదు నెమ్మదిగా నేర్చుకోండని ధైర్యం చెప్పేది. మధ్యమధ్య కోర్టుకి వెళ్ళి ఆయన ఎలా ఆడుతున్నారో కోచ్‌ని అడిగి వచ్చేది. మొగుడి సర్వ్ కోసం ఇంత తాపత్రయపడే ఇల్లాలిని ఎక్కడా చూడలేదని క్లబ్బులో అందరూ మెచ్చుకున్నారు. అందరికంటే ఎక్కువగా ఆడిటరు గారే మెచ్చుకున్నారు.

ఇంతలో క్లబ్బులో ఆడే పళ్ళ డాక్టరొకడు ఆయన్ని ఒక్క గేము కూడా మిగల్చకుండా ఓడించాడు. పైగా, నొప్పి తెలియకుండానే పీకాను కదా సార్ అని భుజం తట్టాడు. ఆడిటరు గారు ఇంటికొచ్చి రాకెట్ బల్ల మీద పడేశారు.

"ఆదివారం మళ్ళీ ఆడుతున్నాం. ఆ రోజు కూడా సర్వ్ పడకపోతే దీన్ని అటకెక్కించేస్తా. ఇక ఇంటిపట్టునే ఉండి నీ పనులన్నీ నేనే చూసుకుంటా."

కుట్టుమిషన్ ఆగిపోయింది. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అంత మాట అనకండి అంది. తన ఆట ఆగిపోతుందంటే ఇంత తల్లడిల్లిపోయే మనిషిని ఇన్నాళ్ళూ సరిగ్గా అర్థం చేసుకోలేదే అని ఆయనకి మనసు చివుక్కుమంది.

మర్నాడు తెల్లారగానే ఆవిడ ఆయన కంటే ముందే కోర్టుకి వెళ్ళింది.

"ఏం చేస్తావో నాకు తెలీదు తమ్ముడూ. ఆదివారానికల్లా ఆయన సర్వ్ ఆయనకి వచ్చెయ్యాలి."

కోచ్ బుర్ర గోక్కుని, సరేనక్కా అన్నాడు. ఆడిటరు గారు రాగానే, ఇన్నాళ్ళూ తను చెప్పినవన్నీ మర్చిపోయి మునుపు ఎలా కొట్టేవారో అలాగే కొట్టమన్నాడు.

ఆయన అనుమానంగా చూశారు. "అంటే, అభ్యంతరాలన్నీ వెనక్కి తీసుకున్నట్టేనా?"

"అన్నీ తీసేసుకున్నాను సార్."

ఆడిటరు గారి భుజాల మీంచి బస్తా దిగిపోయింది. ఆయన బంతి ఎగరేసి, ఏమీ ఆలోచించకుండా కోశారు. అది వంకర తిరిగి పక్కకి జారి కంచె దాకా దొర్లింది.

ఆదివారం పళ్ళ డాక్టరు ఆ మూల నుంచి ఈ మూలకి పరిగెత్తి పరిగెత్తి, నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. గెలిచిన ఆడిటరు గారు ఇంటికొచ్చి సోఫాలో కాళ్ళు బారజాపుకున్నారు. ఇక నేర్చుకోవాల్సింది ఏమీ లేదనీ, రేపటి నుంచి పొద్దున్న కాసేపు ఆడితే చాలనీ, మిగతా రోజంతా ఇంట్లోనే ఉంటాననీ ప్రకటించారు. అన్నట్టు ఈ మధ్య నూనె ఎంత అవుతోంది అని కూడా అడిగారు.

ఆవిడ నవ్వుతూ, ముందు స్నానం చేసి రండి అంది. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు మొదలయ్యాక, ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరకి వేసి కోచ్‌కి ఫోన్ చేసింది.

"తమ్ముడూ, రేపు ఆయన బ్యాక్‌హ్యాండ్‌లో ఏదో తేడా ఉందని చెప్పు."