కదిలిందా?

ప్రొద్దుటూరులోని ఓ ఆసుపత్రి. న్యూరో వార్డులో, పక్షవాతంతో పడుకున్న భార్య చేతిని ఆదినారాయణ తన చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ ఆసుపత్రి ఆఫీసులోనే ఆయన గుమాస్తా.

“ఈపొద్దన్నా చేయి కదిలిందా, సిస్టర్?”

“కదుల్తాదిలే అన్నా. కొంచెం తాళు,” అంది నర్సు ప్రశాంతి, సెలైన్ సరిచేస్తూ.

న్యూరో నర్సింగ్ కోర్సుకు బెంగుళూరు పంపమని ఆమె పెట్టుకున్న అర్జీ ఆయన ఆఫీసులోనే ఉంది. ఈ ఏడు దాటితే ఆమెకు వయసు మించిపోతుంది.

“నా ఫైలు కదిలిందా అన్నా?”

ఆదినారాయణ తల ఎత్తలేదు. “కదుల్తాదిలేమ్మా. కొంచెం తాళు.”

ప్రశాంతి నిలబడిపోయింది. ఇక కదలవని డాక్టరు తేల్చేసిన చేతుల గురించే ఆమె ఆ మాట చెబుతుంది.

అప్పుడు ఆయన తలెత్తి ఆమె ముఖం చూశాడు. భార్య చేతిని మెల్లగా పరుపు మీద పెట్టేశాడు.